రాత్రి టాక్ షోల్లో మీ మనసులో నిలిచిపోయిన ఘట్టం ఏది? నవ్వించినవి కాదు, నవ్వు ఆగిపోయినవి చెప్పండి

నాగావళి గాలి (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నాది సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ డ్యూటీ. గంటగంటకీ ఫీడర్ రీడింగులు చూసి లాగ్‌బుక్‌లో ఎక్కించే పని. నైట్ షిఫ్టులు చేసీ చేసీ సెలవు రోజున కూడా రెండు దాటితే గానీ కన్ను మూతపడదు. ఆ టైంలో ఇంట్లో వాళ్లు లేవకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుని యూట్యూబ్‌లో అమెరికా లేట్ నైట్ షోలు చూడటం అలవాటైంది. మొదట్లో ఇంగ్లిష్ పట్టుబడుతుందని చూసేవాణ్ణి, ఇప్పుడు ఆ మనుషుల కోసమే చూస్తున్నాను.

ఈ షోలు ఎలా ఉంటాయో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1954లో ఎన్‌బీసీలో స్టీవ్ అలెన్‌తో టునైట్ షో మొదలైంది, ఆ తర్వాత వచ్చినవన్నీ ఇంచుమించు అదే పద్ధతి. హోస్ట్ ముందు ఒక్కడే నిలబడి ఆ రోజు వార్తల మీద జోకులేస్తాడు, తర్వాత టేబుల్ వెనక్కి వెళ్లి కూర్చుంటాడు, పక్క కుర్చీలోకి అతిథి వస్తారు, ఒక మూల బ్యాండ్ ఉంటుంది. వారంలో నాలుగైదు రాత్రులు ఇదే, ఏళ్ల తరబడి ఇదే. రాత్రి షో అంటారు గానీ ఎక్కువగా సాయంత్రమే రికార్డు చేసేసి రాత్రి 11:35కి వేస్తారు. అంటే వాళ్లు నిద్రకి ముందు చూసేది మనకి మర్నాడు టిఫిన్ టైం.

ఇక నా మనసులో ఉండిపోయినవి. మొదటిది 2001 సెప్టెంబర్ 17. ఉగ్రదాడిలో న్యూయార్క్‌ జంట టవర్లు కూలి ఆరు రోజులైంది. అప్పట్లో డేవిడ్ లెటర్‌మన్ షో జరిగిన ఎడ్ సలివన్ థియేటర్ కూడా మాన్‌హాటన్‌లోనే ఉంది. ఆ రాత్రి షో మళ్లీ మొదలైనప్పుడు ఎప్పుడూ ఉండే హడావుడి ఎంట్రీ లేదు, నిలబడి వేసే జోకులు లేవు. నేరుగా టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. సుమారు ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు, మాటలు వెతుక్కుంటూ, మధ్యలో ఆగుతూ. ఫైర్‌మెన్ గురించి, పోలీసుల గురించి చెప్పాడు. మేయర్ జూలియానీని మెచ్చుకుంటూ ధైర్యం సంగతి ఎత్తాడు, ధైర్యం ఉన్నట్టు నటించినా అది అసలు ధైర్యానికి తీసిపోదు అన్నాడు. ఆ ముక్క దగ్గర నేను వెనక్కి జరిపి మళ్లీ విన్నాను.

ఆ తర్వాత ఎక్కడో మోంటానా రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న షోటో అనే ఊరి కథ ఎత్తుకున్నాడు. పదహారొందల మంది ఉండే ఊరు. వ్యవసాయం, పశువులు తప్ప వేరే ఆధారం లేదు, ఏళ్ల తరబడి కరువు. అంత కరువులో ఉన్న ఆ ఊరి జనం ముందురోజు రాత్రి హైస్కూల్ ఆడిటోరియంలో పోగయ్యారు, ఎందుకూ అంటే న్యూయార్క్ నగరానికి చందాలు వసూలు చెయ్యడానికి. అది చెప్పి, ఈ దేశం ఎలాంటిదో మీకు ఇది వింటే కూడా అర్థం కాకపోతే ఇక నేను చెప్పగలిగింది ఏమీ లేదు అన్నాడు. అదే రాత్రి సీబీఎస్ వార్తలు చదివే డాన్ రాదర్ అతిథిగా వచ్చి ఏడుపు ఆపుకోలేకపోయాడు, తేరుకుని క్షమించమన్నాడు. దానికి లెటర్‌మన్, మీ వృత్తి మీది కానీ మీరూ మనిషే కదా అని ఊరడించాడు.

రెండోది 2002 అక్టోబర్ 30. వారెన్ జెవాన్ అని పాటగాడు, లెటర్‌మన్‌కి పాత స్నేహితుడు, బ్యాండ్ లీడర్ పాల్ షాఫర్ లేని రోజుల్లో ఆయన స్థానంలో బ్యాండ్ నడిపిన మనిషి. ఊపిరితిత్తుల చుట్టూ వచ్చే క్యాన్సర్, ఇంకెన్నాళ్లో ఉండవని డాక్టర్లు చెప్పేశారు. లెటర్‌మన్ ఆ రోజు షో మొత్తం అతనికే ఇచ్చేశాడు, వేరే అతిథి లేడు. ఇరవై ఏళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడం నా ఎత్తుగడలో పొరపాటేమో అని జెవాన్ అంటే హాల్లో నవ్వులు. చావు ఇంత దగ్గరకి వచ్చాక బతుకు గురించి కొత్తగా ఏమైనా తెలిసిందా అని లెటర్‌మన్ అడిగితే, తినే ప్రతి శాండ్‌విచ్‌నీ ఎంత ఆస్వాదించాలో తెలిసింది అన్నాడు. షో అయ్యాక తన గిటార్ లెటర్‌మన్ చేతిలో పెట్టి జాగ్రత్తగా చూసుకో అని ఇచ్చేశాడట. 2003 సెప్టెంబర్ 7న పోయాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఇవే మాటలు ఏ సభలోనో, ఏ ఇంటర్వ్యూలోనో ఇంకొకరు అంటే మనకి ఇంతలా తగలవు. లెటర్‌మన్ నోట తగలడానికి కారణం అతను 1982 నుంచి రాత్రి తర్వాత రాత్రి వచ్చి వెర్రిమొర్రి జోకులేసిన మనిషి కావడమే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. వెనకాల అన్ని మామూలు రాత్రుళ్లు లేకపోతే ఆ ఒక్క రాత్రి ఉండదు. మీరేమంటారు? మీకు గుర్తున్న ఘట్టాలు కూడా చెప్పండి, ఎంత పొడుగైనా పర్లేదు.

ఉద్దానం కొబ్బరి (కవిటి):

అన్నా, ఆ షోటో ఊరి సంగతి నేను ఇదే మొదటిసారి వినడం, నీ పోస్టు చదివి వెంటనే వెతికి చూశాను. మా ప్రాంతం వాళ్లకి అది ఎలా తగులుతుందో నీకు తెలుసు కదా.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీంచి పోయింది. పొద్దున్న తలుపు తీసి చూస్తే తోట లేదు. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయి ఒకదాని మీద ఒకటి, జీడిమామిడి కొమ్మలు విరిగి దారి లేదు. కొబ్బరి అంటే వరి లాగ వచ్చే ఏడాది మళ్లీ వేసుకునేది కాదు, మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. అప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. వేరే జిల్లాల నుంచి మీ కరెంటు వాళ్లే వచ్చి బురదలో స్తంభాలు ఎత్తారు, మా వీధిలో లైను లాగినవాళ్ల మాట యాస వింటే గోదావరి అవతల వాళ్లని తెలిసిపోయేది. బియ్యం, దుప్పట్లు తెచ్చినవాళ్లలో మాకంటే ఉన్నోళ్లేం కాదు కొంతమంది. తమకే సరిగ్గా లేని వాళ్లు ఇంకొకరికి పెట్టడం అంటే ఏటో చూసినవాళ్లం, అందుకే లెటర్‌మన్ ఆ మాట దగ్గర గొంతు పెంచకుండా చెప్పడం నాకు బాగా నచ్చింది. పెద్ద పెద్ద మాటలు పేర్చలేదు, ఊరి పేరు చెప్పాడు, జనాభా చెప్పాడు, ఆ హైస్కూల్ టీము పేరు కూడా చెప్పాడు. కష్టం గురించి చెప్పాల్సింది అలాగే.

నీ ప్రశ్నకి నా జవాబు: అవును, రోజూ వచ్చేవాడు చెబితేనే. తుఫాను మర్నాడు వచ్చి ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్ల మాటలు ఎవరికి గుర్తుంటాయి?

రాత్రిడ్యూటీ అక్క (శ్రీకాకుళం):

నేను స్టాఫ్ నర్సుని, అప్పుడే పుట్టిన పిల్లల్ని చూసే ఎస్‌ఎన్‌సీయూలో చాలాకాలం చేశాను. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే, ఇంకో లేట్ నైట్ హోస్ట్ జిమ్మీ కిమ్మెల్ 2017 మే 1న చెప్పింది.

అంతకు పది రోజుల ముందు ఆయనకి కొడుకు పుట్టాడు. కాన్పు మామూలుగానే అయింది, తల్లీబిడ్డా బాగున్నారు, బంధువులు చూసి వెళ్తున్నారు. మూడు గంటల తర్వాత ఒక నర్సు బిడ్డని చూస్తూ గుండెలో మర్మర్ (మామూలుగా ఉండని శబ్దం) వినిపించిందని, రంగు కూడా కొంచెం ఊదాగా ఉందని గమనించింది. పుట్టుకతోనే గుండెలో లోపం. బిడ్డని పిల్లల హాస్పిటల్‌కి మార్చి రోజుల పిల్లవాడికి ఛాతీ తెరిచి ఆపరేషన్ చేశారు. ఇదంతా కిమ్మెల్ ఏడుస్తూనే చెప్పాడు, ముందే బాబు బాగున్నాడు అని చెప్పి మరీ మొదలుపెట్టాడు, చూసేవాళ్లు కంగారుపడకుండా.

నాకు ఎందుకు అంతలా గుర్తుండిపోయిందంటే, ఆయన డాక్టర్లతో పాటు నర్సుల్ని కూడా పేరు పేరునా తలుచుకుని థాంక్స్ చెప్పాడు. దేశమంతా చూసే టీవీలో ఒక నర్సు కళ్లు చేసిన పని గురించి అంత వివరంగా చెప్పినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది. బిడ్డ చేతులూ కాళ్లూ కాస్త నీలంగా ఉండటం మొదటి రోజు మామూలే, దానికి ఎవరూ భయపడరు. పెదాలూ నాలుకా రంగు మారితే అప్పుడు పరిగెత్తాలి. ట్యూబ్‌లైట్ వెలుతురులో, రాత్రి మూడింటికి, వరసగా ఉన్న వార్మర్ల మధ్య ఆ తేడా పట్టుకోవాలి. అరికాలికి ఆక్సిజన్ ప్రోబ్ చుట్టి అంకె నిలబడేదాకా కదలకుండా చూడాలి, బిడ్డ కాలు తన్నితే మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ ఒక మనిషి అనుమానపడింది కాబట్టే ఆ బాబు ఇంటికి వెళ్లాడు.

చివర్లో ఆయన అన్నమాట కూడా గుర్తుంది, బిడ్డ ప్రాణం కాపాడుకోవడానికి డబ్బుందా లేదా అని చూసుకోవాల్సిన పరిస్థితి ఏ తల్లిదండ్రులకీ రాకూడదు అన్నాడు. అక్కడ అప్పుడు ఆరోగ్య బీమా చట్టం మీద పెద్ద గొడవ నడుస్తోంది. మన దగ్గర ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి కాబట్టి ఎంతమంది కూలి చేసుకునేవాళ్ల పిల్లలు బతికారో నేను కళ్లారా చూశాను. అందుకే అది నాకు అమెరికా రాజకీయం లాగ అనిపించలేదు.

తమ్ముడూ, నువ్వడిగినదానికి: మామూలు రాత్రుళ్లు అవసరమే గానీ అదొక్కటే చాలదు. రోజూ వచ్చేవాళ్లు కూడా కష్టాన్ని అమ్ముకోగలరు. కిమ్మెల్ తన ఏడుపు దగ్గర ఆగిపోలేదు, ఆ ఏడుపు మీంచి ఇంకొకరి బిడ్డ దాకా వెళ్లాడు. నాకు తేడా అక్కడ కనిపించింది.

గంటస్తంభం (విజయనగరం):

బాబూ, మంచి చర్చ పెట్టావు. నేను రిటైరైన వాణ్ణి, తీరుబడి ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

లెటర్‌మన్‌కి గురువు జానీ కార్సన్. 1962 అక్టోబర్ 1న టునైట్ షో పట్టుకుని 1992 మే 22న వదిలాడు, దాదాపు ముప్ఫై ఏళ్లు. ఆయనకి ముందు జాక్ పార్ ఉండేవాడు. 1960 ఫిబ్రవరిలో పార్ చెప్పిన మరుగుదొడ్డి జోకుని చానల్ వాళ్లు అతనికి చెప్పకుండా కోసేశారు. మర్నాడు రాత్రి కెమెరా ముందే ఇక నేను ఉండనని లేచి వెళ్లిపోయాడు. మార్చి 7న తిరిగొచ్చి, నన్ను మధ్యలో ఆపకముందు నేను చెబుతున్నదేమిటంటే, అంటూ మొదలుపెట్టాడు. నెల రోజుల అలకని ఒక్క వాక్యంలో దాటేశాడు, మాటకారితనం అంటే అది.

కానీ నాకు కార్సన్‌లో నచ్చేది మాట కాదు, మౌనం. రిటైరయ్యాక ఆయన టీవీకి దూరంగా ఉండిపోయాడు. 1994 మే 13న లెటర్‌మన్ తన షోని లాస్ ఏంజిలెస్ నుంచి చేస్తున్నాడు. టాప్ టెన్ లిస్టు (షోలో చదివే పది జోకుల జాబితా) కార్డు జానీ కార్సన్ తెస్తున్నారు అని ప్రకటిస్తే వేరే కమెడియన్ వచ్చాడు, జనం నవ్వారు. ఆ తర్వాత అసలు కార్సన్ వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు, చప్పట్లు ఆగవు. ఆయన మెల్లిగా నడిచి వెళ్లి లెటర్‌మన్ కుర్చీలో, ఆ టేబుల్ వెనక కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు, ఏదో అనబోతున్నట్టు ఉన్నాడు, అనలేదు. లేచి లెటర్‌మన్ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. టీవీలో ఆయన కనిపించడం అదే ఆఖరు. ముప్ఫై ఏళ్లు నోటితో బతికిన మనిషి ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్లాడు, చూసినవాళ్లకి ఏ లోటూ అనిపించలేదు.

దీనికి మన ఊరి సంగతి ఒకటి కలుపుతాను. హరికథా పితామహుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు 1919లో మన విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. హరికథ విన్న తరం వాళ్లకి తెలుసు, దాసుగారు కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, ఒక్కడే నిలబడి రాత్రి పొద్దుపోయేదాకా వెయ్యిమందిని కూర్చోబెట్టాలి. కథ నడుస్తుండగా ఆపి పిట్టకథ చెబుతాడు, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మీద చమత్కారం వేస్తాడు, ఊళ్లో జరిగినదాన్ని తెచ్చి కథలో కలుపుతాడు, జనం పడీ పడీ నవ్వుతారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆరకముందే సీతమ్మ శోకం ఎత్తుకుంటాడు, అదే జనం కొంగుతో కళ్లొత్తుకుంటారు. ఆ లేట్ నైట్ హోస్టు నిలబడి చేసే మోనోలాగ్ చూసినప్పుడల్లా నాకు పిట్టకథ చెప్పే దాసుగారే గుర్తొస్తారు. నవ్వించడం తెలిసినవాడికే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. అందుకే నాగావళి బాబు చెప్పిన లెక్కలో రాత్రుళ్ల సంఖ్య కంటే ఈ ఆపడం ముఖ్యం అంటాను నేను.

బొబ్బిలి కుర్రాడు:

మాస్టారూ, కార్సన్ వీడియో ఇప్పుడే చూశాను, ఆ చప్పట్లు నిజంగానే ఆగవు.

నాది వేరే తరం, నాకు ఇంకో లేట్ నైట్ హోస్ట్ క్రెయిగ్ ఫెర్గూసన్. 2007 ఫిబ్రవరి 19. అంతకు రెండు మూడు రోజుల ముందే పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ తల గుండు చేయించుకుంది, ప్రపంచమంతా ఆమె మీద జోకులు. ఫెర్గూసన్ వచ్చి, నేను ఈ రోజు ఆమె మీద జోకులు వెయ్యను అన్నాడు. మొదట జనం నవ్వారు, అదే జోకు అనుకుని. కాదు. ఆమెకి పాతికేళ్లు, ఇద్దరు పసిపిల్లలు, ఆమె ఇప్పుడు బాగాలేదు, బలమున్నవాళ్ల మీద వెయ్యాలి గానీ పడిపోయినవాళ్ల మీద కాదు అన్నాడు. ఆ తర్వాత తన తాగుడు గురించి చెప్పాడు, పదిహేనేళ్ల కిందట ఎలా మానేశాడో, అంతకు ముందు ప్రాణం తీసుకోవాలన్నంత దూరం ఎలా వెళ్లాడో. అలా పది నిమిషాల పైనే ఒక్కడే మాట్లాడాడు.

ఇది నాకెందుకు ముఖ్యం అంటే, మా ఫ్రెండ్స్ గ్రూపుల్లో రోజూ చూస్తుంటాను, ఎవరో ఒకరి ఏడుపు వీడియో, ఎవరో ఒకరి పెళ్లి గొడవ, దానికి బ్రహ్మానందం ముఖం పెట్టి మీమ్, మర్నాటికి స్టేటస్‌ల నిండా అదే. మా క్లాసులో చదివిన అమ్మాయి వీడియో కూడా అలా తిరిగింది. అప్పుడు గ్రూపులో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నేను దీని మీద నవ్వను అని ఉంటే ఆ అమ్మాయి ఊరు వదిలి వెళ్లేది కాదు. ఆ మాట అనడానికి ఎంత దమ్ము కావాలో ఫెర్గూసన్‌ని చూస్తే తెలిసింది. జోకులే జీతం అయిన మనిషి, ఆ వారానికి అందరికంటే తేలిగ్గా దొరికే జోకుని వదిలేశాడు.

రెండోది కోనన్ ఓబ్రియన్. 2009 జూన్‌లో టునైట్ షో వచ్చింది, చిన్నప్పటి నుంచి కన్న కల. కొన్ని నెలలకే ఎన్‌బీసీ వాళ్లు అంతకు ముందు ఆ షో చేసిన జే లెనోకి 11:35 ఇచ్చి ఇతని షోని అర్ధరాత్రి దాటాక 12:05కి జరుపుతామన్నారు, ఇతను ఒప్పుకోలేదు. 2010 జనవరి 22న ఆఖరి షో. అంత జరిగినా వెళ్తూ వెళ్తూ కుర్రవాళ్లని ఒకటే కోరాడు, నిరాశతో వెటకారంగా మారకండి, నాకు ఆ గుణం అస్సలు నచ్చదు, ఎవరికీ జీవితంలో సరిగ్గా అనుకున్నదే దొరకదు, కానీ కష్టపడి పనిచేస్తూ మంచిగా ఉంటే అద్భుతాలు జరుగుతాయి అని. నేను డీఎస్సీకి చదువుతున్నాను. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే బ్యాచ్‌లో కూర్చుంటే వెటకారం ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పలేను. రీడింగ్ రూం బయట టీ తాగుతూ అందరం అదే పాట. కోనన్ మాట విన్నాక ఆ టీ బ్యాచ్‌కి కొంచెం దూరం జరిగాను.

అన్నా, ఒక ప్రశ్న. ఇలాంటివి తెలుగులో ఎందుకు లేవు? మనకి ఇన్ని చానళ్లు, ఇంతమంది మాటకారులు.

నాగావళి గాలి (శ్రీకాకుళం):

అందరికీ థాంక్స్. అక్కా, మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను, మా అమ్మ రెండోసారి చదవమంది.

మాస్టారూ, కార్సన్ మౌనానికి కొనసాగింపు ఒకటుంది, మీకు నచ్చుతుంది. కార్సన్ 2005 జనవరి 23న పోయాడు. అప్పటికి లెటర్‌మన్ షోకి సెలవులు, జనవరి 31న తిరిగొచ్చాడు. అందరూ నివాళి మాటలు ఉంటాయనుకున్నారు. అతను మామూలుగా వచ్చి మామూలుగా మోనోలాగ్ జోకులేశాడు, జనం మామూలుగా నవ్వారు. కూర్చున్నాక అప్పుడు చెప్పాడు, ఇప్పుడు మీరు విన్న జోకులన్నీ జానీ కార్సన్ రాసినవే అని. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పేపర్ చదువుతూ, తోచిన జోకులు రాసి అప్పుడప్పుడు లెటర్‌మన్‌కి పంపేవాడట. పోయినవాడి గురించి మాట్లాడే బదులు పోయినవాడి చేతే జనాన్ని ఇంకోసారి నవ్వించాడు. ఆ రాత్రి చివర్లో కార్సన్ బ్యాండులోని డాక్ సెవెరిన్సన్ వాళ్లు వచ్చి ఆయనకి ఇష్టమైన పాట వాయించారు. శిష్యుడు గురువుకి ఇంతకంటే ఏం చేస్తాడు?

మీరు చెప్పిన ఆపడం మాట ఒప్పుకుంటాను గానీ నా మాట కూడా వదలను. ఆ జోకులు కార్సన్‌వి అని చెప్పినప్పుడు హాల్లో వాళ్లకి అంత అనిపించడానికి కారణం, వాళ్లు ఆయన జోకులు వింటూ పెరగడమే కదా.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నాకు తోచింది చెబుతాను. మన దగ్గర టాక్ షో అంటే వారానికోసారి, అది కూడా సినిమా రిలీజుకి ముందు. హీరో వస్తాడు, హీరోయిన్ వస్తుంది, సినిమా గురించి చెబుతారు. మధ్యలో చిన్నప్పటి కష్టం ఒకటి బయటికి తీస్తారు, వెంటనే వెనక వయొలిన్ మొదలవుతుంది, కెమెరా కంటి దగ్గరికి వెళ్తుంది, ప్రోమోలో వారమంతా అదే కన్నీటి బొట్టు. ఆ కష్టం నిజమైనదే, ఆ మనిషి నిజంగానే ఏడుస్తున్నాడు, కానీ ఆ వయొలిన్ దాన్ని పాడుచేస్తుంది. జెవాన్ ఎపిసోడ్‌లో అతను చావు గురించి చెబుతుంటే వెనక ఏ మ్యూజిక్ లేదు. లెటర్‌మన్ అడుగుతున్నాడు, అతను చెబుతున్నాడు, అంతే. మన వాళ్లలో మాటకారులు లేక కాదు, ఆ ఖాళీని భరించే ఎడిటర్ లేక.

రాత్రిడ్యూటీ అక్క (శ్రీకాకుళం):

వయొలిన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా వార్డు బయట టీవీలో సౌండ్ తగ్గించి పెట్టినా ఏ షోలో ఎవరు ఏడుస్తున్నారో మ్యూజిక్‌ని బట్టి తెలిసిపోతుంది.

అన్నీ బరువైనవే అయ్యాయి, ఒకటి తేలికది చెప్పనా? 2005లో ఐశ్వర్యా రాయ్ లెటర్‌మన్ షోకి వెళ్లింది. మీరు ఇంకా అమ్మానాన్నలతోనే ఉంటారట కదా, ఇండియాలో పెద్ద పిల్లలు అలా ఉండటం మామూలేనా అని ఆయన అడిగాడు. అడగడంలో కొంచెం వెక్కిరింపు ఉంది. అమ్మానాన్నలతో ఉండటం బాగానే ఉంటుంది, మా దేశంలో అమ్మానాన్నలతో కలిసి భోంచెయ్యడానికి అపాయింట్‌మెంట్ తీసుకోనక్కర్లేదు అంది. హాలంతా చప్పట్లు. నేను అత్తగారూ మామగారూ, ఆడపడుచూ ఉన్న ఇంట్లో ఉన్నదాన్ని, ఆ ఇబ్బందులు నాకు తెలియనివి కావు, అయినా ఆ జవాబు విన్నప్పుడల్లా వెన్ను నిటారవుతుంది. గొంతు పెంచలేదు, నవ్వు చెదరలేదు. లెటర్‌మన్ కూడా ఆ దెబ్బ హాయిగా తీసుకున్నాడు, అది ఆయన గొప్ప.

ఉద్దానం కొబ్బరి (కవిటి):

అక్కా అది సూపర్. మా నాన్నకి చూపించాలి.

తెలుగులో అస్సలు లేవు అనకండి ఎవరూ. బాలుగారి పాడుతా తీయగా ఉంది కదా, 1996 నుంచి ఈటీవీలో. అది పాటల పోటీయే గానీ పాటకీ పాటకీ మధ్య బాలుగారు చెప్పే కబుర్లు ఏ టాక్ షోకి తక్కువ? ఒక పాట ఎలా పుట్టింది, వేటూరిగారు ఆ లైను ఎక్కడ కూర్చుని రాశారు, రికార్డింగులో ఎవరు తిట్టారు, ఎవరు అన్నం పెట్టారు, అన్నీ పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్పినట్టు. పిల్లాడు తప్పు పాడితే ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుని తర్వాత తప్పు చెప్పేవారు, పిల్లాడి ముఖం చిన్నబోకుండా. 2020 సెప్టెంబర్ 25న ఆయన పోయినప్పుడు మా ఊళ్లో ఆయన్ని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఇంట్లో మనిషి పోయినట్టు ఉన్నారంటే, నాగావళి అన్న చెప్పిన ఆ మామూలు రాత్రుళ్లే కారణం. అన్ని ఏళ్లు భోజనాల టైంలో మా ఇంట్లో ఆయన గొంతే.

గంటస్తంభం (విజయనగరం):

భేషుగ్గా చెప్పావయ్యా. బాలు కబుర్లలో ఘంటసాల ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చేదో. ఘంటసాల చదువుకున్నది మా సంగీత కళాశాలలోనే, ఈ ఊళ్లో వారాలు చేసుకుని, మధూకరం ఎత్తి చదువుకున్నాడు. ఆ కథ బాలు నోట విన్నప్పుడు వయొలిన్ అక్కర్లేకపోయింది.

నాగావళి బాబూ, చిన్న కోరిక. ఆ అమెరికా యాస నాకు సగమే అందుతుంది, సబ్‌టైటిల్స్ తప్పుల తడక. నువ్వు ఓపిక చేసుకుని లెటర్‌మన్ ఎనిమిది నిమిషాల ప్రసంగానికీ, ఆ పాటగాడి ఎపిసోడ్‌కీ తెలుగులో సారాంశం రాసి పెట్టగలవా? నాలాంటి వాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

నాగావళి గాలి (శ్రీకాకుళం):

తప్పకుండా మాస్టారూ. ఈ వారం నాకు మార్నింగ్ షిఫ్ట్, సాయంత్రాలు ఖాళీ. ముందు 2001ది రాస్తాను, అది చిన్నది. జెవాన్‌ది గంటసేపు ఉంటుంది కాబట్టి రెండు భాగాలుగా పెడతాను, పాటలు వదిలేసి మాటల వరకే. బొబ్బిలి తమ్ముడూ, ఫెర్గూసన్‌ది నువ్వు రాయి, నీకు అది కంఠతా వచ్చినట్టుంది. అన్నీ ఇక్కడే కింద పెడదాం, వేరే చోటికి వెళ్లక్కర్లేదు.